ఇండోర్ వరహాలు

వరహాలుకి ఆ పేరు పెట్టింది సర్వీస్ సెంటర్‌లో అతనితో పనిచేసే అప్పలసూరి.

ఏసీకి రెండు పెట్టెలుంటాయి. ఒకటి గదిలో గోడకి ఉండి చల్లగాలి ఇస్తుంది. రెండోది బయట గోడకి వేలాడుతూ, గదిలో వేడినంతా మోసుకెళ్ళి ఎండలో పారబోస్తుంది. మొదటిదాన్ని వరహాలు ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించగలడు. రెండోదాని జోలికి మాత్రం పోడు. ఎవరైనా అడిగితే కుడి భుజం పట్టుకుని, "నరం పట్టేసింది బావా, సెయ్యి పైకి లెగట్లేదు" అంటాడు. రెండు వేసవులు వెళ్ళిపోయినా ఆ నరం వదల్లేదు. దాంతో ఇండోర్ వరహాలు అన్న పేరు అతనికి అతుక్కుపోయింది.

ఆ పేరుకి నవ్వేవాళ్ళలో సగంమంది కొత్తవాళ్ళు. వాళ్ళకి అతని పాత సంగతి తెలియదు.

వరహాలుది ఎస్.కోట అవతల పల్లె. చోళ్ళు, నువ్వులు పండించుకునే కుటుంబం. పంట దక్కని ఏడాది ఆటోనగర్ వచ్చి ఫ్రిజ్‌లు బాగుచేసే షెడ్డులో చేరాడు. అక్కడ రాగి గొట్టాలు అతకడం, గ్యాస్ నింపడం నేర్చుకున్నాడు. తిట్లు తినడం ముందే వచ్చు. తర్వాత ఏసీలు బిగించే గ్యాంగులోకి వెళ్ళాడు. సముద్రం పక్కన లేచిన అపార్ట్‌మెంట్లలో ఎంత ఎత్తని చూసేవాడు కాదు. కిటికీ చువ్వకి తాడు కట్టుకుని సన్‌షేడ్ మీదికి దిగిపోయేవాడు. కిందనుంచి చూసేవాళ్ళు కళ్ళు పక్కకి తిప్పుకునేవాళ్ళు. అతను మాత్రం పైనుంచి వాచ్‌మన్‌ని టీ చెప్పమని కేకేసేవాడు.

సముద్రపు గాలి ఇనుముని పైనుంచి తినదు. రంగు కిందికి దూరి లోపల్నుంచి తింటుంది. బయటికి నున్నగా కనిపించిన ఒక పాత బ్రాకెట్, బయటి పెట్టెని మోసే ఇనుప చట్రం, ఒకరోజు అతని కాలి కింద విరిగిపోయింది. పెట్టె కిందికెళ్ళి ఖాళీ స్థలంలో పడి పగిలింది. వరహాలు కుడి చెయ్యి కిటికీ చువ్వ మీదే ఉండిపోయింది. ఇంట్లోవాళ్ళు లోపలికి లాగారు. ఒంటి మీద గీత కూడా పడలేదు. వాళ్ళిచ్చిన టీ తాగి, ఏదో జోకు కూడా వేశాడు. మర్నాడు ఇంకో బిల్డింగ్‌లో కిటికీ గట్టు మీద కాలు పెడితే, ఆ కాలు అతని మాట వినలేదు. మోకాలి కింద ఎవరో వేరే మనిషి కాలు అతికించినట్టయింది. ఆ పూటే మొదటిసారి భుజం నొప్పి అన్నాడు.

దెబ్బ చూపిస్తే ఈ లోకం జాలిపడుతుంది. భయం చూపిస్తే నవ్వుతుంది. అది వరహాలుకి ఎవరూ చెప్పక్కర్లేదు. బయటికి దిగడానికి వెనకాడిన కుర్రాళ్ళని చూసి ఒకప్పుడు తనూ నవ్వినవాడే. చివరికి భార్య రోజారమణికి కూడా చెప్పలేదు. గోపాలపట్నంలో వాళ్ళుండే రెండు గదుల ఇంట్లో, సాయంత్రం పూట ఆవిడ ఆ భుజానికి మందు రాసి తోముతుంది. ఏ నొప్పీ లేని భుజాన్ని ఆవిడ చేతికిచ్చి, గోడకేసి చూస్తూ కూచుంటాడు.

అయితే దీంతో ఒక చిక్కు వచ్చింది. బయటికి వెళ్ళలేని మెకానిక్‌కి ప్రతి రోగమూ లోపలే కనిపిస్తుంది.

మే నెల. ఉక్కునగరంలో సత్యంగారి క్వార్టర్‌కి వరహాలు వెళ్ళడం అది మూడోసారి. ఏసీ బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కుయ్యిమని ఆగిపోతుంది. ఇండోర్ మీద ఎర్రగా ఈ-సిక్స్ అని వెలుగుతుంది. లోపలి పెట్టెకీ బయటి పెట్టెకీ మాటలు ఆగిపోయాయని ఆ కోడ్‌కి అర్థం. తప్పు లోపల ఉండొచ్చు, బయట ఉండొచ్చు, మధ్యలో వైరులో ఉండొచ్చు. మొదటిసారి వరహాలు లోపలి వైర్లన్నీ బిగించాడు. ఆన్ చేస్తే నడిచింది. రెండోసారి లోపలి బోర్డే మార్చేశాడు. నడిచింది. రెండుసార్లూ సత్యంగారి ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని, కాల్, అంటే ఆ ఫిర్యాదు, క్లోజ్ చేసి వచ్చేశాడు. ఓటీపీ చేతికొస్తే పని అయినట్టే, రాకపోతే చేసిన పని కూడా చెయ్యనట్టే. కంపెనీ లెక్క అది. మనిషికి చల్లగా ఉందా లేదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

ఆ ఉదయం సూపర్‌వైజర్ మోహనకృష్ణ తేల్చి చెప్పేశాడు.

"ఒకే ఇల్లు, ఒకే కోడ్, మూడోసారి. నీకు రోగం పట్టడం చేతకాటం లేదు వరహాలూ. ఇదీ తేల్చకపోతే ఒకటో తారీఖునుంచి మళ్ళీ బిగింపు గ్యాంగులోకి పో. మధురవాడ వైపు కొత్త టవర్లున్నాయి."

"బుజం సార్..."

"రెండేళ్ళ భుజమా? అప్పలసూరిని అడక్కు, వాడికి వేరే కాల్ వేశాను. ఒక్కడివే వెళ్ళు."

టవర్లు అన్న మాటకే వరహాలు అరచేతులు తడిసిపోయాయి. బండి హ్యాండిల్‌కి తుడుచుకుంటూ ఉక్కునగరం చేరాడు.

తలుపు తీసింది వెంకటరమణమ్మగారు. వాళ్ళది గోదావరి జిల్లా. పెళ్ళయిన కొత్తలో ఇక్కడికొచ్చి, ఇక్కడే ఉండిపోయారు. సత్యంగారు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, గళ్ళ లుంగీతో మంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏసీ శుభ్రంగా నడుస్తోంది.

"చూశావా? నువ్వు రాగానే ఎంత బుద్ధిగా ఉందో" అన్నారు సత్యంగారు. "నువ్వు గుమ్మం దాటాక మొదలెడుతుంది. మీ ఇద్దరికీ ఏదో ఒప్పందం ఉందయ్యా."

"అలాగనకండి సార్. ఇయ్యేల తేల్చేసే ఎల్తాను."

"పోయినసారీ ఇదే మాటన్నావు."

వెంకటరమణమ్మగారు మజ్జిగ గ్లాసు తెచ్చి వరహాలు చేతికిచ్చారు. "తాగు బాబూ. ఆయన మాటలకేం గానీ. నిద్ర లేదు మనిషికి. నాలుగు రోజుల్నుంచి పగలంతా ఇలా కూర్చునే ఉంటున్నారు."

వరహాలు స్టూలెక్కాడు. స్టూలంత ఎత్తుకి అతని మోకాళ్ళు ఏమీ అనవు. మూత విప్పి, లోపల వైర్లు చేరే చోట మీటరు రెండు ముళ్ళూ పెట్టాడు. అంకెలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. ఊగుతూ ఉంటే రెండు పెట్టెలూ మాట్లాడుకుంటున్నట్టు. ఒకే అంకె మీద నిలిచిపోతే ఒకరు మాట మానేసినట్టు. అప్పటికి అంతా బాగుంది. బోర్డు బాగుంది, బిగింపులు బాగున్నాయి. ఇంక విప్పడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"నా పని నేను చూసుకుంటానండీ" అని వెంకటరమణమ్మగారు వెనక బాల్కనీలోకి వెళ్ళారు. బట్టలు ఉతికిన చప్పుడు. బకెట్ జరిపిన చప్పుడు. తర్వాత ఎక్కడో కిందికి నీళ్ళు పడిన చప్పుడు.

మీటరులో అంకె నిలిచిపోయింది.

వరహాలు చూస్తూనే ఉన్నాడు. అంకె కదల్లేదు. కొంచెంసేపటికి ఇండోర్ కుయ్యిమని, ఎర్రగా ఈ-సిక్స్ వెలిగింది.

"ఇదిగో, వచ్చింది నీ చుట్టం" అన్నారు సత్యంగారు.

వరహాలు స్టూలు దిగి బాల్కనీలోకి పరిగెత్తాడు. వెంకటరమణమ్మగారు పిట్టగోడ మీదికి వంగి, మగ్గుతో నీళ్ళు తీసి, కింద సన్‌షేడ్ పక్కన వేలాడుతున్న బయటి పెట్టె మీద పోస్తున్నారు.

"ఏటమ్మా అది?"

"కడుగుతున్నాను బాబూ. ఆ నలుపు చూడు. బొగ్గు పొడి. పొద్దున్న తుడిచిన గచ్చు సాయంత్రానికి కాటుక పెట్టుకుంటుంది ఈ ఊళ్ళో. తలుపులు కడుగుతాం, మొక్కలు కడుగుతాం. ఇది మాత్రం ఏం పాపం చేసింది? ఎండలో మాడిపోతూ మనకి చల్లగా ఇస్తోంది. రోజూ ఈయన పడుకున్నాక దీనికి ఇంత స్నానం చేయిస్తాను."

"రోజూనా?"

"ఎండలు ముదిరినకాణ్ణుంచీ రోజూ. ఏం, తప్పా?"

వరహాలుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ ఉదయం స్నానం చేయిస్తుంది. కోడ్ వస్తుంది. తను మధ్యాహ్నం వచ్చేసరికి ఎండకి అంతా ఆరిపోయి, ఏసీ నడుస్తుంది. తను బాగుచేశానని ఓటీపీ తీసుకుపోతాడు.

కానీ వానకి తడవడానికే చేసిన పెట్టె మగ్గు నీళ్ళకి ఆగకూడదు. పిట్టగోడని రెండు చేతులతో పట్టుకుని, మెడ మాత్రం బయటికి చాపి చూశాడు. పెట్టె కింద వైరుకి నల్లటి టేపు ఉండ కనిపించింది. బిగించినవాడికి వైరు చాల్లేదు. ఇంకో ముక్క మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశాడు. ఉప్పుగాలికి ఆ టేపు ఎప్పుడో నోరు తెరిచింది. అంతకంటే కిందికి చూడలేక మెడ వెనక్కి తీసుకున్నాడు.

"అయితే ఈవిడ స్నానాలు మానేస్తే సరిపోద్దంటావా?" సత్యంగారు గుమ్మంలో నిలబడి అడిగారు.

ఆ మాట వరహాలు అడక్కుండానే దొరికిన వరం. నీళ్ళు పోయకపోతే కోడ్ రాదు. వానలు పడేదాకా రాదు. అప్పటికి ఒకటో తారీఖు దాటిపోతుంది, ఆ కాల్ ఇంకెవరి పేరునో పడుతుంది.

"సరిపోద్ది సార్" అన్నాడు.

"అయ్యో, నా వల్లేనా ఇదంతా!" వెంకటరమణమ్మగారు నొచ్చుకుంటూ మగ్గు పక్కన పెట్టేశారు. "ఏవండీ, మీ ఫోన్ ఇవ్వండి. అబ్బాయికి ఆ నంబరేదో చెప్పి పంపిద్దాం."

సత్యంగారు ఫోన్ తీస్తూనే కళ్ళు నులుముకున్నారు. "పోన్లే. ఇవాళైనా పడుకుంటాను. రాత్రి ఏమైందో తెలుసా? కరిగిన ఉక్కు ఉన్న బకెట్ నా క్రేన్‌కి వేలాడుతోంది. చెయ్యి లివర్ మీద ఉంది, కళ్ళు మూతపడ్డాయి. రెప్పపాటే. కిందనుంచి వాకీటాకీలో కుర్రాడు 'సత్యంగారూ' అని అరిచాడు. ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. వాళ్ళ నెత్తిమీంచి పోతుందయ్యా అది." ఫోన్‌లో కళ్ళజోడు లేకుండా వెతుక్కుంటూ మామూలుగా అడిగారు. "మరి వానలొస్తేనో?"

వరహాలు గదిలోకొచ్చి మీటరు ఊడదీశాడు.

"వానలొస్తే తడవదా అని అడుగుతున్నా."

వరహాలు మీటరు ముళ్ళు రెండూ చుట్టి సంచిలో పెట్టాడు. మళ్ళీ బయటికి తీశాడు.

"ఓటీపీ ఇవ్వకండి సార్."

"ఏం?"

"పని అవ్వలేదు. బయట జాయింటు పోయింది. వైరు మొత్తం మార్చాల. బయటికి దిగాల. నాను దిగలేను."

"భుజం అన్నావుగా మొన్న?"

"బుజం బానే ఉంది సార్. బయం."

ఆ మాట అనేశాక, ఇద్దరూ నవ్వుతారని తల దించుకున్నాడు. వెంకటరమణమ్మగారు "అయ్యో తండ్రీ" అన్నారు. సత్యంగారు నవ్వలేదు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ జరిపి, కూర్చోమన్నారు.

"మా ప్లాంటులో క్రేన్ ఎక్కే నిచ్చెన ఉంటుంది. దాని మీద సగంలో బిగుసుకుపోయినవాళ్ళని చూశాను. మామూలోళ్ళు కాదు, ఇంతింత మీసాలు. అప్పుడు కిందనుంచి ఎవడూ అరవకూడదు, నవ్వకూడదు. అది మా పద్ధతి. ఒకడు వెనకే ఎక్కి, ఆ మనిషి కాలు చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టు మీద పెట్టిస్తూ దింపుతాడు. దిగాక ఎవరూ ఆ ఊసెత్తరు."

"తర్వాత ఏటయ్యారు సార్ ఆళ్ళు?"

"కొందరు మళ్ళీ ఎక్కారు. కొందరు ఎక్కలేదు. ఎక్కనోళ్ళూ జీతం తీసుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు. మీ ఆఫీసువాళ్ళకి చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పు మరి. చెప్పకుండా దిగి పడితే నా బాల్కనీ మీదికొస్తుంది."

వరహాలు ఫోన్ తీశాడు. మొదటిసారి తప్పు నంబరుకి వెళ్ళింది. రెండోసారి మోహనకృష్ణ ఎత్తాడు. వరహాలు ఆపకుండా చెప్పేశాడు. మగ్గు నీళ్ళు, టేపు ఉండ, విరిగిన బ్రాకెట్, లేని భుజం నొప్పి, అన్నీ కలిపి, ఒకదాని వెనక ఒకటి కాకుండా.

"రెండేళ్ళనుంచి నాకు చెప్పలేదేంట్రా?" మోహనకృష్ణ గొంతు లేచింది. "రేపు టవర్ల మీదికి పంపేవాణ్ణి. పడి చచ్చేవాడివి, నా మెడకి చుట్టుకునేది!"

"తప్పే సార్."

"తప్పా తప్పున్నరా!" తర్వాత గొంతు దించాడు. "గ్యాంగులో నీ పేరు కొట్టేస్తాను. అప్పలసూరిని పంపుతున్నా. కానీ విను. ఆ ఇంటినుంచి ఇదే కోడ్ మళ్ళీ వచ్చిందంటే, నీకు బయట పనీ లేదు లోపల పనీ లేదు. పైవాళ్ళకి నేనేం చెప్పలేను."

మోహనకృష్ణకి జాలి కలిగిందో, మెడ సంగతే గుర్తొచ్చిందో వరహాలుకి తెలియలేదు. ఏదైతేనేం, టవర్లు తప్పాయి. ఇక ఉన్నదంతా ఆ ఒక్క వైరు మీద ఉంది.

అప్పలసూరి వైరు చుట్టతో మెట్లెక్కుతూనే మొదలెట్టాడు. "ఏటి బావా, సన్‌షేడ్ పెళ్ళికి నన్ను పిలిచావట?"

"సూరీ, నీకో మాట సెప్పాల. నా బుజం..."

"నీ బుజానికేటి, గుండ్రాయిలాగుంది. సర్వీస్ సెంటర్ క్రికెట్‌లో ఆ సేత్తోనే బౌలింగ్ ఏసి నా వికెట్ తీసినావు. ఆరోజే తెలిసింది."

వరహాలు నోరు తెరిచాడు. "తెలిసి ఇండోర్ అని పేరెట్టి నవ్విస్తన్నావా అందర్నీ?"

"ఎందుకెట్టాననుకున్నావ్? ఆ పేరున్నోణ్ణి బయట పనికి ఎవుడు పిలుస్తాడు బావా? నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఎక్కమంటే సచ్చిపోతావు గదా." అప్పలసూరి చెప్పులు విడుస్తూ అటు తిరిగిపోయాడు. "సాల్లే, తాడు కట్టు. నాను కడితే నాకే నమ్మకం లేదు."

ముందు వరహాలు మెయిన్ స్విచ్ దింపాడు. తాడు కట్టడం అతని చేతులు మర్చిపోలేదు. బాల్కనీ స్తంభానికి రెండు చుట్లు, అప్పలసూరి నడుముకి ఒక ముడి, లాగి చూసి మళ్ళీ ఒక ముడి. అప్పలసూరి పిట్టగోడ దాటుతుంటే వరహాలు కిందికి చూడలేదు. తాడునే చూశాడు. అప్పలసూరి సన్‌షేడ్ మీద గొంతుక్కూర్చుని, వైరు పాత కొసకి కొత్త కొస కట్టాక, వరహాలు తాడు సత్యంగారి చేతికిచ్చి గదిలోకి పరిగెత్తాడు. గోడ కన్నంలోంచి ఇటునుంచి అతను పాతది లాగుతుంటే, అటునుంచి కొత్తది వస్తోంది. ఎక్కడా అతుకు లేని ఒకే వైరు.

"లాగు బావా!"

"లాగతన్నాను. నువ్వు వొదులు."

"వొదిలితే పడతాను."

"వైరు ఒదలమన్నాన్రా, తాడు కాదు!"

బాల్కనీలో సత్యంగారు తాడు పట్టుకుని, చాలా రోజుల తర్వాత నవ్వారు.

రెండు కొసలూ బిగించాక అప్పలసూరి పైకి వచ్చాడు. స్విచ్ ఎక్కించారు. గది చల్లబడుతోంది. సత్యంగారు మంచం మీద చేరగిలబడి, "పరీక్ష అయ్యేదాకా నేను ఇక్కడే, కదల్ను" అన్నారు. వరహాలు మీటరు పట్టుకుని స్టూలెక్కాడు.

"అమ్మా, స్నానం చేయించండి."

వెంకటరమణమ్మగారు బకెట్ పట్టుకుని అనుమానంగా చూశారు. "మళ్ళీ నా వల్లే అంటారేమో."

"మగ్గు కాదమ్మా, బకెట్ మొత్తం కుమ్మరించండి. వానంటే అలాగే పడతాది."

నీళ్ళు ధబాలున పడ్డాయి. వరహాలు కళ్ళు అంకెల మీదే ఉన్నాయి. ఊగుతున్నాయి. ఆవిడ ఇంకో బకెట్ నింపి పోసింది. ఊగుతున్నాయి. అప్పలసూరి కుళాయి గొట్టం తెచ్చి వదిలాడు. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి కారుతున్నా వరహాలు తుడుచుకోలేదు. గొట్టం ఆగింది. పెట్టెనుంచి చుక్కలు కారడం ఆగింది. అంకెలు పైకీ కిందికీ ఊగుతూనే ఉన్నాయి, సంతలో ఇద్దరు ఆడవాళ్ళు మాటల్లో పడ్డట్టు.

"అయిపోయింది సార్" అంటూ తిరిగాడు.

సత్యంగారు కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగి నిద్రపోతున్నారు. నోరు కొంచెం తెరుచుకుంది. ఫోన్ చెంప కింద ఉండిపోయింది. వెంకటరమణమ్మగారు వచ్చి, దుప్పటి కాళ్ళ మీదికి లాగి, ఫ్యాను తగ్గించారు.

అప్పలసూరి గుసగుసలాడాడు. "ఓటీపీ ఆ ఫోన్‌కే వచ్చింటాది బావా. క్లోజ్ చెయ్యకపోతే నీ పేరు మీద పెండింగ్ పడద్ది. ఇయ్యేల మరీ కావాల నీకు. ఒక్కసారి లేపు."

వరహాలు మూత చప్పుడు కాకుండా బిగించాడు. మరమేకు గచ్చు మీద పడకుండా అరచేతిలో పట్టుకున్నాడు.

"పడుకోనీ. సార్ లేచాక మీరే పంపండమ్మా."

"సాయంత్రందాకా లేవరేమో బాబూ."

"సాయంత్రమే పంపండి."

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. కాల్ పెండింగ్ అని మెసేజ్. చూసి జేబులో పెట్టేశాడు. బండి దగ్గర అప్పలసూరి అడిగాడు.

"ఏటి బావా, బుజం ఎలాగుంది?"

"ముందు రోజారమణికి సెప్పాల" అన్నాడు వరహాలు. "పాపం, మందు డబ్బా మొన్నే కొత్తది కొంది."